బయోస్ అని పేరు పెట్టినాయన

బిల్ గేట్స్ ఎవరని అడిగితే మన క్యాంపస్‌లో అందరూ చెప్తారు. గ్యారీ కిల్డాల్ ఎవరంటే మాత్రం చాలామంది గూగుల్ చేస్తారు. నా లాప్‌టాప్‌లో బ్రైట్‌నెస్ కీ లైనక్స్‌లో ఎందుకు పలకట్లేదో వెతుకుతూ పోతే నాకు ఈయన దొరికారు.

కిల్డాల్ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. వాళ్ళ కుటుంబానికి ఓడలు నడపడం నేర్పే స్కూల్ ఉండేది. ఆయన మాత్రం కంప్యూటర్ల వైపు వచ్చి, 1972లో పీహెచ్‌డీ చేశారు. కాలిఫోర్నియాలో నేవీ వాళ్ళ కాలేజీలో పాఠాలు చెప్తూనే, అప్పుడప్పుడే వస్తున్న ఇంటెల్ చిప్‌లతో కుస్తీ పట్టారు. 1974లో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. భార్య డోరతీతో కలిసి డిజిటల్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టారు.

అప్పట్లో ఏ కంపెనీ మెషీన్ తీరు దానిదే. ఒకదానికి రాసిన సిస్టమ్ ఇంకోదాంట్లో నడవదు. కిల్డాల్ ఏం చేశారంటే, మెషీన్‌ని బట్టి మారే కోడ్ మొత్తాన్నీ విడదీసి పక్కన పెట్టారు. దానికి బయోస్ అని పేరు పెట్టారు. కొత్త మెషీన్ వస్తే ఆ ముక్క మారిస్తే చాలు, మిగతాది ముట్టుకునే పనిలేదు.

మాది నిజాంసాగర్. మంజీర మీద 1931లో పూర్తయిన ప్రాజెక్టు. కాలువ చివరి రైతుకు నీళ్ళు రావాలి, అంతే. ఏ తూము బిగుసుకుంటుందో, ఏ గేటు ఎంత ఎత్తాలో లష్కర్‌కు తెలుసు. బయోస్ కూడా అట్లాంటి లష్కరే.

ఇప్పటి డ్రైవర్లు చేసేదీ ఇదే పని. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్‌తో కలిపి బ్రైట్‌నెస్ కీ నొక్కితే అది మామూలు కీబోర్డు దారిలో రాదు. లోపలి ఎంబెడెడ్ కంట్రోలర్ దాన్ని పట్టుకుంటుంది. ఏసీపీఐ ద్వారానో డబ్ల్యూఎంఐ ద్వారానో ఒక నంబర్ పైకి వస్తుంది. ఆ నంబర్ కంపెనీకో రకం. అందుకే లైనక్స్‌లో థింక్‌ప్యాడ్‌కు ఒక డ్రైవర్, ఆసుస్‌కు ఒకటి, డెల్‌కు ఇంకొకటి. వచ్చిన నంబర్‌ను అందరికీ అర్థమయ్యే ఒకే కీ కోడ్‌గా మార్చి పైకి పంపడమే వాటి డ్యూటీ. నా మోడల్ పంపే నంబర్ డ్రైవర్ పట్టికలో లేదు. ఒక్క లైన్ చేర్చాను, కీ పలికింది. మిగతా సిస్టమ్‌కు ఈ సంగతే తెలీదు.

ఇంత మంచి ఆలోచన చేసినాయనకు పేరెందుకు రాలేదు? 1980లో ఐబీఎం వాళ్ళు తమ పీసీ కోసం ఆయన కంపెనీకి వచ్చారు. బేరం కుదరలేదు. ఆ అవకాశం మైక్రోసాఫ్ట్‌కు పోయింది. ఆ రోజు ఆయన సరదాగా విమానం నడుపుకుంటూ తిరిగారని ఒక కథ పుట్టి, జీవితాంతం వెంటాడింది. నిజానికి ఆయన వెళ్ళింది కస్టమర్ దగ్గరికి, పని మీద. తర్వాత ఐబీఎం సీపీ/ఎం కూడా అమ్మింది గానీ, దాని ధర 240 డాలర్లు, పక్కనున్న డాస్‌ది 40. జనం ఏది కొంటారో వేరే చెప్పాలా?

1991లో ఆయన కంపెనీ నోవెల్ చేతికి వెళ్ళింది. 1994లో, 52 ఏళ్ళకే ఆయన పోయారు. పాత ఆఫీసు ముందు ఐఈఈఈ వాళ్ళు ఫలకం పెట్టింది 2014లో.

డబ్బు లెక్కలో ఆయన ఓడిపోయుండొచ్చు. మెషీన్ గొడవ మెషీన్ దగ్గరే తేల్చి, పైవాళ్ళకు ఒకే మాట చెప్పాలన్న ఆయన పద్ధతి మాత్రం మన ప్రతి లాప్‌టాప్‌లోనూ ఉంది. లోపల యూఈఎఫ్ఐ వచ్చి ఎన్నేళ్ళయినా, మన నోటికి వచ్చేది ఇప్పటికీ బయోసే.