ఏడు టెస్టుల సీకే

సీకే నాయుడు గారి టెస్ట్ స్కోర్లు మాత్రమే చూస్తే మనలో ఎవరూ పెద్దగా పట్టించుకోం. 7 మ్యాచ్‌లు, 350 పరుగులు, ఒక్క సెంచరీ లేదు. కానీ ఆ లెక్క మొదలయ్యేసరికే ఆయనకు 36 ఏళ్లు!

నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో 1895లో పుట్టారు. 1916 నుంచే ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడారు. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 153 కొట్టారు, అందులో 11 సిక్సర్లు. అప్పటికి మనకి టెస్ట్ జట్టే లేదు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్ట్‌కి ఆయనే కెప్టెన్.

1936 ఇంగ్లాండ్ టూర్‌కి మాత్రం కెప్టెన్సీ విజయనగరం రాజకుమారుడు విజ్జీకి వెళ్లింది. (ఆయనా మనవాడే, ఏం చేస్తాం!) మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి మొత్తం 33 పరుగులు. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని టెస్టులు మొదలవకముందే ఇంటికి పంపేశారు. ఓవల్ టెస్ట్‌కి బాకా జిలానీని తీసుకున్నది అందరి ముందూ సీకేని తిట్టినందుకే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. షూట్ బెనర్జీ బయటే ఉండిపోయాడు. పాపం, అతని తొలి టెస్ట్ 1949లో. ఆఖరిదీ అదే.

ఆ ఓవల్‌లోనే గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా సీకే క్రీజు వదల్లేదు. 81 కొట్టారు. టెస్టుల్లో ఆయన టాప్ స్కోర్ అదే, చివరి ఇన్నింగ్స్ కూడా అదే. మ్యాచ్ ఓడిపోయాం. మళ్లీ ఇండియా టెస్ట్ ఆడింది 1946లో. సీకే మాత్రం అరవై దాటాక కూడా రంజీ ఆడారు.