గుడారాల దొర మన్రో

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి జనం తండోపతండాలుగా తరలివెళతారు. వారిలో సద్దిమూట చంకన పెట్టుకొని కాలినడకన వచ్చే బీదసాదలు ఎందరో ఉంటారు. రెండు వందల ఏళ్ల క్రితం ఈ ఆదోని సీమ ఒక పరదేశి ఏలుబడిలోకి వచ్చింది. ఇంటి ముఖం ఎరుగకుండా ఊరూరా గుడారాలలో బతికిన అధికారి ఆయన. చేతిలో చిల్లిగవ్వ లేని ప్రయాణం ఎంత కష్టమో యౌవనంలోనే ఎరిగినవాడు. ఆయన పేరు సర్ థామస్ మన్రో. సీమ ప్రజల నోట అది మన్రోలయ్యగా మారింది.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వర్తకం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య సమరంతో ఆ వ్యాపారం కుప్పకూలి, కుటుంబం దరిద్రం పాలయింది. చదువులో దిట్ట అయిన కుమారుడు పొట్టకూటికై ఓడ ఎక్కవలసి వచ్చింది. డాన్ క్విక్సోట్ నవలను మూలంలోనే చదవాలన్న కోరికతో స్పానిష్ భాషను సొంతంగా అభ్యసించిన యువకుడతడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న కొలువు దొరకగా, 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు.

దిగీదిగగానే ఎదురైన అనుభవం చేదుది. చూడడానికి పెద్దమనిషిలా కనిపించిన ఒక సేవకుడు ఆ కుర్రవాడి కొలువులో చేరాడు. ఈ దేశపు ఎండలకు సీమ దుస్తులు పనికిరావని నమ్మబలికి, ఉన్న బట్టలను, చేతిలోని కొద్దిపాటి బంగారు నాణేలను పట్టుకొని మాయమైపోయాడు. ఒంటిమీది బట్టలే మిగిలాయి. మళ్లీ నాలుగు జతలు కుట్టించుకోవడానికి మన్రోకు ఆరు నెలలకు పైగా పట్టింది.

ఆ ఏడే హైదరాలీతో యుద్ధం మొదలైంది. సైన్యం వెంట ఎండనక, వాననక నడిచిన ఆ సంవత్సరాల ముచ్చట్లను మన్రో 1789లో సోదరికి ఒక లేఖలో వివరించాడు. ఈ దేశానికి వచ్చిన మూడేళ్ల దాకా ఆయనకు తలగడ లేదు. పుస్తకమో, తూటాల సంచియో తల కింద పెట్టుకొనేవాడు. నాలుగు కర్రల మీద బిగించిన గోనెవంటి గుడ్డే మంచం. స్వదేశం నుండి తెచ్చుకున్న పెద్ద కోటే చలికాలంలో దుప్పటి. దాని చేతులలో కాళ్లు దూర్చి, అంచులను తలమీదికి లాక్కొని పడుకొనేవాడు. అయితే కోటు పొట్టిది కావడం చేత తల కప్పుకుంటే పాదాలు, పాదాలు కప్పుకుంటే తల బయటపడేవి. తన వస్త్రం ఇన్ని విధాల ఉపయోగపడుతుందని దర్జీ ఊహించలేకపోయాడని మన్రో నవ్వుకున్నాడు. వేలూరులో ఆయన నివాసపు ముందు గదిలో ఒక బల్ల తప్ప వేరే సామాను లేదు. ఉన్న కుర్చీ ఒక్కటే. తన లేమిని తానే పరిహసించుకొనే ఈ ధోరణి మన చాటుకవులను తలపిస్తుంది. శ్రీనాథుని ఎరిగిన పాఠకులకు ఈ లేఖ పరాయిదిగా తోచదు.

ఇంత ఇబ్బందిలోనూ ఆయన తమ్ముడితో కలిసి తల్లిదండ్రులకు డబ్బు పంపేవాడు. పారశీక, హిందుస్తానీ భాషలు నేర్చాడు. షేక్‌స్పియర్ వెనిస్ వర్తకుని కథను పోలిన ఒక పారశీక కథ కంటబడగా దానిని ఆంగ్లంలోకి అనువదించాడు.

1792లో మన్రో జీవితం మలుపు తిరిగింది. టిప్పు సుల్తాను నుండి కంపెనీకి సంక్రమించిన బారామహల్ ప్రాంతంలో రెవిన్యూ పనికి నియమింపబడ్డాడు. ఏడేళ్లు అక్కడ, ఆపైన కొంతకాలం కన్నడ తీరంలో పనిచేశాడు. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, నేటి కర్నూలు జిల్లాలోని కొంత భాగాన్ని కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. ఆదోని అందులోనిదే. వాటికి ప్రధాన కలెక్టరుగా మన్రో వచ్చాడు.

అప్పటికి ఈ నేల పాలెగాళ్ల కలహాలతో, కరవులతో చితికిపోయి ఉంది. పాలెగాళ్లు ఎనభైమంది. వారిని అణచడంలో మన్రో చూపిన కాఠిన్యాన్ని పైనున్న కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. ఆయనను దేవునిగా కొలిచే కథలు చెప్పేవారు ఈ సంగతిని తరచూ దాటవేస్తారు.

ఆయన మొదటి నాలుగేళ్లు గుడారాలలోనే గడిపాడు. సాయుధ పరివారం లేకుండా ఊరూరూ తిరిగాడు. ఎక్కడ దిగినా రైతులు చుట్టుముట్టేవారు. 1802లో భూముల కొలత మొదలైంది. ముప్పైమూడు అడుగుల గొలుసుతో పొలం పొలం కొలిచారు. ఆ గొలుసు పొడవూ వెడల్పుగా కొలిచిన నేల ఒక గుంట అవుతుంది. నలభై గుంటలు ఒక ఎకరం. మధ్యవర్తులైన జమీందార్లు లేకుండా రైతు నేరుగా సర్కారుకు శిస్తు చెల్లించే రైత్వారీ విధానం ఈ కొలతల మీదనే ఈ సీమలో నిలదొక్కుకుంది.

అయితే శిస్తు రేట్లు ఎక్కువగా ఉన్నాయి. పంట పండినా పండకపోయినా నగదు కట్టవలసిరావడం వాననే నమ్ముకున్న రైతుకు పెనుభారం. దానిని విధించినది మన్రోయే, దాని బరువును గుర్తించినదీ ఆయనే. 1807లో సెలవుపై వెళ్లేముందు, అన్ని భూములపై నూటికి ఇరవైఅయిదు వంతులు, తోట భూములపై ముప్పైమూడు వంతులు తగ్గించాలని ప్రభుత్వానికి సిఫారసు చేశాడు. ప్రభుత్వం చెవినిపెట్టలేదు. ఊళ్లను గుత్తకు ఇచ్చింది. గుత్తదారులు దివాలా తీశారు, పల్లెలు మరింత చితికిపోయాయి. మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన 1820లో గాని ఆ తగ్గింపు అమలులోకి రాలేదు. నడుమ గడచిన పదమూడేళ్లు రైతుకు ఎట్లా గడిచాయో ఏ దస్తావేజూ పూర్తిగా చెప్పలేదు.

1813లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు భారతీయుల నాగరికతను గురించి ఆయనను ప్రశ్నించారు. నాగరికత ఎగుమతి దిగుమతుల సరుకే అయితే, ఇండియా నుండి దిగుమతి చేసుకోవడం వల్ల ఇంగ్లండుకే లాభమని ఆయన బదులిచ్చాడు. తాను ఏడేళ్లుగా వాడుతున్న భారతీయ శాలువ చెక్కుచెదరలేదని, ఐరోపా శాలువను ఎవరైనా ఊరికే ఇచ్చినా కప్పుకోనని కూడా చెప్పాడు. కోటునే దుప్పటి చేసుకున్నవాడికి బట్ట విలువ తెలియకుండా ఉంటుందా!

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుండి మన్రోతో మాట్లాడారని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. అది భక్తుల విశ్వాసం. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నది మాత్రం లోకమెరిగిన సంగతి.

1827లో పదవీవిరమణకు సిద్ధమైన మన్రో, స్వదేశానికి వెళ్లేముందు దత్తమండలాలను ఒకసారి చూడాలనుకున్నాడు. భార్య జబ్బుపడిన చిన్నకుమారునితో అంతకుముందే ఓడ ఎక్కింది. అవి కలరా ప్రబలిన రోజులు. ప్రయాణం మానలేదు. గుత్తి మీదుగా పత్తికొండ చేరిన జూలై 6వ తేదీననే ఆ వ్యాధి సోకి, నాటి రాత్రి కన్నుమూశాడు. మృతదేహాన్ని గుత్తికి తెచ్చి ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆయన ప్రాణం విడిచిన పత్తికొండలో బాటసారుల కోసం చెట్లు నాటించి, రాతి మెట్ల బావి తవ్వించారు. గుత్తిలో ఆయన పేర సత్రం కట్టించారు.