యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) గోదావరి డెల్టాలో జన్మించి, అమెరికాలో పరిశోధనలు సాగించిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణాల శక్తికి ఆధారమైన ఎ.టి.పి.ని గుర్తించిన వారిలో ఒకడు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధి మందు ఆయన నాయకత్వంలో వెలువడ్డాయి. కీళ్లవాతం చికిత్సలో నేడు ముఖ్యమైన మెథోట్రెక్సేట్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాలలోనే పుట్టింది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో ఒక పేద బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. చిన్నతనంలో చదువుపై శ్రద్ధ ఉండేది కాదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా, మధ్యలోనే వెనక్కి తీసుకువచ్చారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్నప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నాడు గానీ తల్లి అంగీకరించలేదు.

తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. చదువు ఖర్చులకు కస్తూరి సూర్యనారాయణమూర్తి సహాయం చేశాడు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది. గాంధీజీ పిలుపుతో ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స తరగతికి హాజరైనందుకు ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

సంగ్రహణి వ్యాధి, ఆయుర్వేదం

అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల వ్యవధిలోనే స్ప్రూ (సంగ్రహణి) వ్యాధితో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక రక్తహీనతతో మనిషి క్షీణించే ఈ వ్యాధికి అప్పట్లో సరైన మందు లేదు. తరువాత అదే వ్యాధి సుబ్బారావుకూ సోకగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. అనంతరం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన ఆర్థిక సహాయంతో 1922లో అమెరికా చేరాడు. మళ్లీ స్వదేశానికి రాలేదు. భార్యను తిరిగి చూడలేదు.

హార్వర్డులో పరిశోధనలు

బోస్టన్‌లో ఆసుపత్రి పనులు చేసుకుంటూ హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా పొందాడు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వారు వెల్లడించారు. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. లభించింది. అయినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో చేరి, తరువాత పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు.

ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు

లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను బలిగొన్న సంగ్రహణి వలన కలిగే రక్తహీనతకు అది ఔషధమయింది. 1947లో ఇదే సంస్థ పరిశోధకులు హెట్రజాన్ (డైఇథైల్ కార్బమజైన్) అనే మందును ప్రకటించారు. గోదావరి జిల్లాలను తరతరాలుగా పీడించిన బోదకాలు వ్యాధికి కారణమైన ఫైలేరియా క్రిములపై ఇది పనిచేస్తుంది. 2004 నుండి భారతదేశంలో చేపట్టిన సామూహిక మందుల పంపిణీలో ఈ మందునే వాడారు.

కీళ్ల నొప్పులకు మెథోట్రెక్సేట్

ఫోలిక్ ఆమ్లం కణాల పెరుగుదలకు అవసరం. దానిని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి తాత్కాలిక ఉపశమనం సాధించాడు; 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మెథోట్రెక్సేట్ కూడా ఇదే కోవకు చెందినది.

1951లో అమెరికా వైద్యుడు రిచర్డ్ గుబ్నర్ కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి నొప్పి, వాపు తగ్గటం గమనించాడు. అయితే అప్పుడే వచ్చిన కార్టిజోన్‌పైనే వైద్యుల దృష్టి ఉండటం వలన ఈ మార్గం చాలాకాలం మరుగునపడింది. 1980లలో వారానికి ఒక్కసారి చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చే పద్ధతి ప్రయోగాలలో నిలబడింది. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ వ్యాధికి దానిని ఆమోదించింది.

కీళ్లవాతం వేళ్లు, మణికట్లు, మోకాళ్లతో పాటు కొందరిలో దవడ కీలును కూడా పట్టి, నోరు తెరవటం, నమలటం బాధాకరం చేస్తుంది. నొప్పి మాత్రలు, మర్దన, సూది వైద్యం (ఆక్యుపంక్చర్) కొందరికి నొప్పిని తగ్గించవచ్చు గానీ కీలు అరిగిపోవటాన్ని ఆపవు. మెథోట్రెక్సేట్ ఆ నష్టాన్ని నెమ్మదింపజేస్తుంది. దీనిని పొరపాటున ప్రతిదినం వేసుకుంటే ప్రాణాపాయం, గర్భిణులు వాడరాదు. దుష్ప్రభావాలు తగ్గేందుకు వైద్యులు ఫోలిక్ ఆమ్లాన్ని కూడా ఇస్తారు. మందు, దాని దోషాలకు విరుగుడు రెండూ ఒకే పరిశోధనశాలకు చెందినవి కావటం విశేషం.

మరణం, గుర్తింపు

సుబ్బారావు 1948 ఆగష్టు 8న 53వ యేట గుండెపోటుతో మరణించాడు. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి ఉపయోగపడటం ఆయన చూడలేదు. పరిశోధన పత్రాలలో తన పేరుకు బదులు సహచరుల పేర్లను ముందుంచటం, ప్రచారానికి దూరంగా ఉండటం వలన సామాన్య ప్రజలకు ఆయన అంతగా తెలియలేదు. నోబెల్ పురస్కారం లభించలేదు. రెండున్నర దశాబ్దాలు అమెరికాలో నివసించినా భారతీయుడిగానే మరణించాడు. ఒక శిలీంధ్రానికి ఆయన గౌరవార్థం సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్లను విడుదల చేసింది. ఆయన జన్మస్థలమైన భీమవరం 2022లో పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమయింది.