ఇందిరాదేవి చీరల మక్కువ

కూచ్‌బెహార్ మహారాణి ఇందిరాదేవి (1892-1968) పేరు వినినంతనే పలువురకు స్ఫురించునది ఆమె వివాహవృత్తాంతము. ఆమెకు చీరలపై గల మక్కువను మాత్రము రాచవిలాసముగా నెంచి విడిచిపెట్టుట పరిపాటియైనది. అది న్యాయము కాదని నా యభిప్రాయము.

ఆమె బరోడా పాలకుడు మూడవ సయాజీరావు గాయక్వాడునకును చిమ్నాబాయికిని పుత్రిక. గ్వాలియరు మహారాజుతో కుదిరిన సంబంధమును 1911 నాటి ఢిల్లీ దర్బారు పిమ్మట తానే త్రోసిపుచ్చి, 1913లో లండనులో కూచ్‌బెహార్ రాకుమారుడు జితేంద్రనారాయణుని పెండ్లాడినది. తల్లిదండ్రులు ఆ పెండ్లికి రాలేదు. 1922లో భర్త మరణించెను. అప్పటికామె యైదుగురు బిడ్డల తల్లి, వయస్సు ముప్పది. బాలుడైన కుమారుని పక్షమున 1936 వఱకు రాజ్యము నడపెను.

భర్తను గోలుపోయి యోడలో మరలివచ్చునపుడు ఆమె నిలువెల్ల తెల్లనిబట్టలే ధరించియుండెనని కుమార్తె గాయత్రీదేవి 1976లో ప్రకటించిన స్మృతులవలన దెలియుచున్నది. ఆనాటి వితంతువునకు వస్త్రములయం దభిరుచి చూపుటయే తప్పు. ఇందిరాదేవి యా కట్టుబాటునకు లొంగలేదు. పట్టుకంటె చల్లనై, నూలుకంటె సభలకు దగినదైన షిఫాన్‌ను చీరగా గట్టు వాడుకకు ఆమెయే ఆద్యురాలని ప్రసిద్ధి.

ఇచట నొక మాట. మన ‘చీర’కును, సంస్కృత ‘శాటీ’నుండి వచ్చిన ఔత్తరాహుల ‘సాడీ’కిని వ్యుత్పత్తి వేఱు; అర్థము మాత్రము కుట్టని యొంటిబట్టయే. కత్తెరకు బనిలేనిచో కొలత మగ్గముమీదనే తేలవలెను. కావుననే యామె ఫ్రాన్సులోని యొక వస్త్రసంస్థను ఒప్పించి, చీరకు వలయు 45 అంగుళముల పన్నాతో బట్ట నేయించుకొనెను. తల్లి చిమ్నాబాయి కట్టినది తొమ్మిది గజముల మరాఠీ చీర. ఒక తరములో ఎంత దూరము!

దీనిని నిరాక్షేపముగా బొగడజాలను. 1921లో విదేశవస్త్రములు దహింపబడిన దేశమున, 1920 తరువాతి దశాబ్దములలో, దొరసానులు ఫ్రెంచి బట్ట కట్టుట బనారసు నేతగానికి మేలుచేయు పని కాదు. అయినను ఐరోపాలో చిరకాలము మసలిన యా మహారాణి గౌనునకు మాఱక, అచటి మగ్గమునే చీర కొలతకు దెచ్చినది. రాజాంతఃపురములలో నా వాడుక ప్రబలెను. గాయత్రీదేవి జైపూరు మహారాణియైన పిమ్మట లోకము ఆమెను గుర్తించినది తల్లి యలవఱచిన యా పలుచని చీరలతోనే.

ఇందిరాదేవి 1968లో బొంబాయిలో మరణించినది. అంతకు 19 ఏండ్లు పూర్వమే, 1949లో, కూచ్‌బెహార్ భారతదేశమున విలీనమైయుండెను.