గిడుగు రామమూర్తి పంతులు

తప్పు అని తెలిసినా నలుగురితో పాటు తలూపి ఊరుకోవడం సులభం. కాని ఆ తప్పు వల్ల పిల్లల చదువుకు హాని కలుగుతున్నప్పుడు నోరు విప్పడం ఉపాధ్యాయుని ధర్మం. ఆ ధర్మాన్ని జీవితాంతం పాటించిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో, వంశధార నది ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. చిన్నతనంలోనే తండ్రి మరణించారు. ఆ తరువాత విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అప్పటి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణమే యాభై ఏళ్లకు పైగా ఆయనకు నివాసమైంది.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పుడు లిపి లేదు, పుస్తకాలు లేవు. ఆ భాష చదువుకు పనికిరాదని చాలామంది అనుకునేవారు. రామమూర్తి అలా అనుకోలేదు. పట్టుదలతో సవర భాష నేర్చుకున్నారు. పాఠ్యపుస్తకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. తరువాతి కాలంలో సవర వ్యాకరణాన్ని, నిఘంటువును తయారుచేశారు. మన్యంలో తిరుగుతున్నప్పుడు ఆయనకు మలేరియా సోకింది. జ్వరానికి ఎక్కువగా వాడిన క్వినైను వల్ల వినికిడి శక్తి పోయింది. అయినా ఆయన పని ఆపలేదు.

ఆ రోజులలో తెలుగు పిల్లల కష్టం మరొక రకమైనది. ఇంట్లో ‘చేశాను’ అనే పిల్లవాడు బడిలో ‘చేసితిని’ అని రాయాలి. వాడుక మాట రాస్తే తప్పు. తన భావం చెప్పడం కంటే, ఎక్కడ తప్పు దొర్లుతుందోనన్న భయమే పిల్లవానికి ఎక్కువగా ఉండేది. పాఠశాలల తనిఖీ అధికారి జె. ఎ. యేట్స్ మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ప్రశ్నించారు. ఆ ప్రశ్న రామమూర్తిని ఆలోచింపజేసింది. వాడుక భాష నీచమైనదన్న భావమే పిల్లలను చదువుకు దూరం చేస్తున్నదని ఆయన గ్రహించారు. గ్రహించిన తరువాత మౌనంగా ఉండలేకపోయారు.

ఎదుటి పక్షం సామాన్యమైనది కాదు. జయంతి రామయ్య పంతులు వంటి ప్రముఖులు గ్రాంథిక భాషను సమర్థించారు. రామమూర్తి విమర్శ పదునైనది. కాని అది వట్టి మాటలతో సాగలేదు. శాసనాలు చదివారు, పాత వచన గ్రంథాలు పరిశీలించారు. భాష కాలంతో పాటు మారుతుందని ఆధారాలతో చూపారు. గ్రాంథికమే రాయాలనే పండితుల రచనలలోనే వ్యాకరణ దోషాలు ఎన్ని ఉన్నాయో ఎత్తి చూపారు. ప్రాచీన కావ్యాలను చదవవద్దని ఆయన ఎన్నడూ అనలేదు. నేటి మాటలు నేటి భాషలో రాయాలన్నదే ఆయన వాదం.

1914లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపే నిలిచారు. గురజాడ అసమ్మతి పత్రం రాశారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. ఓటమి వచ్చినా, మిత్రుడు దూరమైనా రామమూర్తి వెనుదీయలేదు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. ఎన్నో గ్రంథాలు గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం సైతం ఆ ఏడే వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. సత్యం నిదానంగానైనా మనసులను మారుస్తుందనడానికి ఇది నిదర్శనం.

1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలో చేరింది. ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన రామమూర్తి డెబ్బై రెండేళ్ల వయస్సులో ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఆయన జన్మదినమైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాము. తెలుగువారు ఏ రాష్ట్రంలో ఉన్నా నేడు ఇంటి మాటను వెరపు లేకుండా కాగితం మీద పెట్టగలుగుతున్నారు. ఈ పాఠం సాగిన భాష కూడా ఆయన నోరు విప్పినందువల్ల మనకు దక్కినదే.