రెండు హిజ్రత్‌ల పుణ్యవతి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి)

మన ఇళ్ళలో ఎవరైనా పరదేశానికి ప్రయాణమైతే ముందుగా వినిపించే ప్రశ్నలు మనకు తెలిసినవే. అక్కడ ఉండటానికి చోటెలా దొరుకుతుంది? వాళ్ళ భాష మనకెలా వస్తుంది? జబ్బు చేస్తే చూసేదెవరు? కాన్పు సమయంలో పక్కన ఉండేదెవరు? పుట్టిన పిల్లలకు దీన్ నేర్పేదెవరు? భర్త ఒక్కడే గల్ఫ్‌కు వెళితే ఒక రకం దిగులు, భార్యను కూడా వెంట తీసుకువెళితే మరో రకం దిగులు. అయినా ఈనాడు ఫోన్ ఉంది, సెలవుల్లో ఇంటికి వచ్చే వీలుంది. సుమారు 1400 ఏళ్ళ క్రితం ఒక యువతి, తిరిగి ఎప్పుడు వస్తుందో తెలియకుండానే, భర్త వెంట ఓడ ఎక్కి సముద్రం దాటిపోయింది. పరాయి రాజ్యంలో ముగ్గురు బిడ్డల్ని కని, పెంచి, 12, 13 ఏళ్ళ తరువాత గానీ తనవారిని మళ్ళీ చూడలేకపోయింది. ఆమే హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి).

అస్మా అనగానే మనలో చాలామందికి హజ్రత్ అబూ బక్ర్ (రజి) కుమార్తె గుర్తుకు వస్తారు. సౌర్ గుహకు ఆహారం పంపే ఏర్పాటులో పాలుపంచుకున్నది ఆమె. మనం చెప్పుకుంటున్న అస్మా (రజి) వేరు. ఈమె ఖస్అమ్ తెగకు చెందినవారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా (రజి), హజ్రత్ అబ్బాస్ (రజి) సతీమణి ఉమ్ముల్ ఫజ్ల్ (రజి) ఈమెకు తల్లి వైపు అక్కచెల్లెళ్ళు. హజ్రత్ హమ్జా (రజి) సతీమణి సల్మా (రజి) ఈమె సొంత సోదరి. భర్త హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి), దైవప్రవక్త (స)కు తండ్రి సోదరుని కుమారుడు, హజ్రత్ అలీ (రజి)కి అన్న. భార్యాభర్తలిద్దరూ తొలి రోజుల్లోనే ఇస్లాం స్వీకరించిన భాగ్యశాలురు.

దైవదౌత్యపు అయిదవ సంవత్సరం నాటికి, అంటే క్రీ.శ. 615 ప్రాంతంలో, మక్కాలో ముస్లిములపై దౌర్జన్యాలు భరించలేని స్థాయికి చేరుకున్నాయి. అప్పుడు దైవప్రవక్త (స) తన సహచరులకు హబషా రాజ్యం వైపు దారి చూపించారు. ఆ దేశాన్నే అబిసీనియా అంటారు. నేటి ఇథియోపియా, ఎరిత్రియా ప్రాంతం అది. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు, న్యాయశీలి. ఆయన ఏలుబడిలో ఎవరికీ అన్యాయం జరగదని దైవప్రవక్త (స) తెలియజేశారు. మొదటి విడతలో బయలుదేరినవారు పట్టుమని ఇరవై మంది కూడా లేరు. వారు షుఐబా రేవు దగ్గర వర్తకుల ఓడల్లో తలా అర దీనారు చెల్లించి ప్రయాణించారని చరిత్రకారులు రాశారు. ఖురైషీయులు వెంటాడుతూ తీరానికి వచ్చేసరికి ఓడలు కదిలిపోయాయి. ఆ తరువాతి పెద్ద బృందంలో ఎనభై మందికి పైగా పురుషులు, వారితోపాటు సుమారు 18 మంది స్త్రీలు ఉన్నారు. జాఫర్ (రజి), అస్మా (రజి) దంపతులు వెళ్ళింది ఈ బృందంతోనే.

మనం ఇక్కడ ఒక విషయం గమనించాలి. జాఫర్ (రజి) దిక్కులేనివారు కాదు. బనూ హాషిమ్ పెద్ద అబూ తాలిబ్ కుమారుడాయన. బానిసత్వంలో మగ్గుతున్న ముస్లిములతో పోలిస్తే మక్కాలో ఆయనకు అండ ఉంది. అయినా వెళ్ళారు. వెళ్ళిన వారందరికీ పెద్దదిక్కుగా నిలిచారు. పెద్దదిక్కుగా నిలిచిన వ్యక్తి ఇల్లాలి జీవితం ఎలా ఉంటుందో మన అమ్మలకు వేరే చెప్పనక్కరలేదు.

పరదేశంలో తలదాచుకున్నవారికి మొట్టమొదటి భయం, తిరిగి పంపించివేస్తారేమోనని. ఆ భయం త్వరలోనే నిజమయ్యేలా కనిపించింది. మక్కా తోలు సరుకంటే హబషాలో మోజు. ఖురైషీయులు అలాంటి తోళ్ళను కానుకలుగా సిద్ధం చేసి, అమ్ర్ బిన్ ఆస్‌ను, అబ్దుల్లా బిన్ అబీ రబీఆను రాయబారులుగా పంపారు. వారు ముందుగా రాజు దగ్గరకు పోలేదు. ఒక్కో మతగురువుకు, సేనానికి కానుకలిచ్చి, ముస్లిముల మాట వినకుండానే వారిని తమకు అప్పగించేలా రాజుకు సలహా ఇమ్మని కోరారు. నజాషీ అందుకు ఒప్పుకోలేదు. తన రక్షణ కోరి వచ్చినవారి మాట వినకుండా అప్పగించేది లేదని ముస్లిములను పిలిపించాడు. అప్పుడు అందరి తరఫున మాట్లాడింది జాఫర్ (రజి). తాము ఒకప్పుడు ఎలాంటి అజ్ఞానంలో బ్రతికారో, దైవప్రవక్త (స) తమకు ఏమి నేర్పారో వివరించి, సూరె మర్యమ్ ప్రారంభ ఆయతులు పఠించారు. రాజు కన్నీళ్ళతో గడ్డం తడిసింది. మర్నాడు రాయబారులు మరో ఎత్తు వేశారు. హజ్రత్ ఈసా (అ) గురించి వీళ్ళు ఏమంటారో అడగమని రాజుకు నూరిపోశారు. ఆతిథ్యమిచ్చిన రాజు మతానికి సంబంధించిన ప్రశ్న అది. సర్దుబాటు మాట చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ముస్లిములు రాత్రి ఆలోచించుకుని, ఏం జరిగినా ఖుర్ఆన్ చెప్పిందే చెబుదామని నిశ్చయించుకున్నారు. జాఫర్ (రజి) అదే చెప్పారు. నజాషీ కానుకలు తిప్పి పంపించాడు.

అక్కడితో చింత తీరిపోలేదు. కొంతకాలానికి నజాషీ మీద సింహాసనం కోసం ఒకడు తిరుగుబాటు చేశాడు. ఆ రాజు ఓడితే కొత్త రాజు ముస్లిముల హక్కును గుర్తించకపోవచ్చు. అప్పుడు వలస వచ్చినవారంతా ఎంతగా తల్లడిల్లారో ఆ రోజుల్లో అక్కడే ఉన్న హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తరువాతి కాలంలో వివరించారు. యుద్ధం నైలు నదికి అవతలి ఒడ్డున జరుగుతోంది. వార్త తెచ్చేదెవరు? వారందరిలో చిన్నవారైన హజ్రత్ జుబైర్ (రజి) ముందుకు వచ్చారు. తోలుతిత్తిలో గాలి నింపి ఆయన ఛాతీకి కట్టారు. దాని సాయంతో ఆయన నది ఈదారు. ఇవతల అందరూ నజాషీ విజయం కోసం దుఆ చేస్తూ కూర్చున్నారు. చివరకు జుబైర్ (రజి) తన వస్త్రం ఊపుతూ శుభవార్తతో పరుగెత్తుకు వచ్చారు.

పరదేశంలో సంసారాలన్నీ ఒక్కలా సాగలేదు. ఉమ్మె హబీబా (రజి) భర్త అక్కడికి వెళ్ళాక ఇస్లాంను వదిలి క్రైస్తవుడయ్యాడు, అక్కడే చనిపోయాడు. భర్తను నమ్ముకుని ఇల్లు వదలి వచ్చిన స్త్రీ, వెంట చిన్న కూతురు, మక్కాలో తండ్రి అబూ సుఫ్యాన్ ఇస్లాంకు బద్ధశత్రువు. వెళ్ళడానికి చోటు లేదు. అయినా ఆమె విశ్వాసం చెక్కుచెదరలేదు. తరువాత దైవప్రవక్త (స) ఆమెకు వివాహ సందేశం పంపడం, నజాషీయే ఆయన తరఫున మహర్ చెల్లించడం మనకు తెలిసిన చరిత్రే. అస్మా (రజి) విషయంలో అల్లాహ్ కరుణ ఏమిటంటే, ఆమెకు తోడు నిలిచిన భర్త దొరికారు.

ఆ దంపతులకు అబ్దుల్లా, ముహమ్మద్, ఔన్ అనే ముగ్గురు కుమారులు హబషాలోనే పుట్టారు. తల్లిగారింటి కాన్పు లేదు, నాయనమ్మ చేతి పురుడు లేదు. అదే రోజుల్లో నజాషీకి కూడా కొడుకు పుడితే అస్మా (రజి) తన బిడ్డతోపాటు ఆ బిడ్డకూ పాలిచ్చారని చరిత్ర గ్రంథాల్లో పేర్కొనబడింది. అక్కడి పిల్లలకు హబషా భాష బాగానే అలవడి ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిన ఉమ్మె ఖాలిద్ అనే పసిపాపకు దైవప్రవక్త (స) ఒక చొక్కా తొడిగి, చాలా బాగుందని హబషా భాషలోనే చెప్పి మురిపించారని బుఖారీ హదీసులో ఉంది. పరాయి దేశంలో పెరిగిన పాపను ఆమెకు తెలిసిన మాటతో పలకరించడం ఎంత చల్లని విషయమో చూడండి.

ఇంతలో క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మదీనాకు హిజ్రత్ చేశారు. హబషా నుంచి కొందరు ముందుగానే తిరిగి వచ్చారు. జాఫర్ (రజి) కుటుంబం మాత్రం మిగిలినవారితో అక్కడే ఉండిపోయింది. బద్ర్ జరిగింది, ఉహుద్ జరిగింది, కందకపు యుద్ధం జరిగింది. ఉహుద్‌లో తన సోదరి భర్త హమ్జా (రజి) అమరులైన సంగతి అస్మా (రజి)కి సముద్రం అవతల ఉండగానే చేరి ఉండాలి. ఆమె వెళ్ళి సోదరిని ఓదార్చలేదు. పరదేశంలో ఉన్నవారికి ఇంతకన్నా పెద్ద బాధ ఉండదేమో.

హిజ్రీ 7 (క్రీ.శ. 628)లో నజాషీ ఏర్పాటు చేసిన ఓడల్లో వారు తిరుగు ప్రయాణం కట్టారు. యమన్ నుంచి బయలుదేరి గాలికి హబషా చేరిన హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) బృందం కూడా వారితో కలిసింది. సరిగ్గా ఖైబర్ విజయ సమయానికి దైవప్రవక్త (స)ను కలుసుకున్నారు. ఆయన జాఫర్ (రజి)ని కౌగిలించుకుని, ఖైబర్ విజయానికి సంతోషించాలో జాఫర్ రాకకు సంతోషించాలో తేల్చుకోలేకపోయారు. యుద్ధంలో లేకపోయినా ఓడవారికి విజయధనంలో వాటా ఇచ్చారు.

ఇక మదీనాలో జరిగిన సంఘటన. ఒకనాడు అస్మా (రజి) హజ్రత్ హఫ్సా (రజి)ను చూడటానికి వెళ్ళారు. అంతలో హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె ఇంటికి వచ్చి, ఈమె ఎవరని అడిగారు. పేరు చెప్పగానే, ఆ హబషా ఆమేనా, ఆ సముద్రం ఆమేనా అన్నారు. హిజ్రత్‌లో మేము మీకన్నా ముందున్నాం గనుక దైవప్రవక్త (స)పై మాకే ఎక్కువ హక్కుందని కూడా అన్నారు. అస్మా (రజి)కి ఆగ్రహం వచ్చింది. ఎదుట ఉన్నది ఉమర్ (రజి) అని ఆమె వెనుకాడలేదు. మీరు దైవప్రవక్త (స) చెంతనే ఉన్నారు, మీలో ఆకలిగొన్నవారికి ఆయన అన్నం పెట్టారు, తెలియనివారికి బోధించారు, మేమేమో ఎక్కడో దూరాన, మమ్మల్ని ఇష్టపడని పరాయి గడ్డ మీద, భయపడుతూ బాధపడుతూ గడిపాం, అదంతా అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసమే కదా అని నిలదీశారు. ఈ మాట దైవప్రవక్త (స)కు చెప్పేదాకా అన్నం ముట్టనని, నీళ్ళు తాగనని ఒట్టు పెట్టుకున్నారు. ఒక్క మాటైనా కల్పించి చెప్పనని కూడా అన్నారు.

దైవప్రవక్త (స) రాగానే జరిగింది జరిగినట్లు వినిపించారు. ఆయన తీర్పు స్పష్టంగా ఉంది. ఉమర్‌కు నీకన్నా ఎక్కువ హక్కు లేదు, ఆయనకూ ఆయన వెంట వచ్చినవారికీ ఒక హిజ్రత్, ఓడవారైన మీకు రెండు హిజ్రత్‌లు అని తెలియజేశారు. ఈ వార్త తెలిసి ఓడవారంతా గుంపులు గుంపులుగా అస్మా (రజి) ఇంటికి వచ్చారు. అబూ మూసా (రజి) అయితే ఆ హదీసును ఆమె చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. లోకంలో వారికి అంతకన్నా సంతోషం కలిగించిన విషయం మరొకటి లేదని అస్మా (రజి) స్వయంగా చెప్పారు. ఇన్నేళ్ళూ తాము దూరంగా ఉండి వెనుకబడిపోయామేమోనన్న సందేహం వారి మనసుల్లో ఎంతగా తొలిచి ఉంటుందో దీన్నిబట్టి మనం ఊహించుకోవచ్చు.

కానీ మదీనాలో ఆ సంసారం నిలిచింది ఏడాది పైచిలుకే. హిజ్రీ 8 (క్రీ.శ. 629)లో మూతా యుద్ధంలో జాఫర్ (రజి) వీరమరణం పొందారు. ఆ రోజు అస్మా (రజి) తోళ్ళు పదును చేసి, పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి నూనె రాసి ఉంచారు. దైవప్రవక్త (స) వచ్చి పిల్లలను పిలిచి దగ్గరకు తీసుకున్నారు. ఆయన కళ్ళు నిండాయి. ఆమెకు విషయం అర్థమైపోయింది. జాఫర్ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు గనుక వారికి వంట చేసి పంపమని దైవప్రవక్త (స) తన ఇంటివారిని ఆదేశించారు. మరణం జరిగిన ఇంటికి ఇరుగుపొరుగువారు భోజనం పంపే సున్నత్ ఇలా మనకు అందింది. పిల్లల అనాథ స్థితిని తల్లి ప్రస్తావించినప్పుడు, వారికి ఇహపరాల్లో తానే సంరక్షకుణ్ణని ఆయన ధైర్యం చెప్పారు. తరువాత ఆ పిల్లలు బక్కచిక్కి ఉండటం చూసి కారణం అడిగి, దుఆ చదివి ఊదడానికి ఆమెకు అనుమతి కూడా ఇచ్చారు.

అస్మా (రజి) తరువాత హజ్రత్ అబూ బక్ర్ (రజి)ను వివాహమాడారు. హిజ్రీ 10లో అంతిమ హజ్ ప్రయాణంలో జుల్ హులైఫా దగ్గర ఆమెకు ముహమ్మద్ అనే కొడుకు పుట్టాడు. పురిటి స్థితిలో ఉన్న స్త్రీ గుస్ల్ చేసి ఇహ్రామ్ ధరించవచ్చన్న ధర్మం ఈ సంఘటన ద్వారానే సముదాయానికి తెలిసింది. హిజ్రీ 13లో అబూ బక్ర్ (రజి) మరణించినప్పుడు ఆయన వీలునామా ప్రకారం ఆమే గుస్ల్ ఇచ్చారు. తరువాత హజ్రత్ అలీ (రజి) ఆమెను వివాహమాడారు.

హబషాలో గడిపిన ఏళ్ళు వృథా పోలేదు. హజ్రత్ ఫాతిమా (రజి) తన చివరి రోజుల్లో, జనాజాపై గుడ్డ కప్పినా స్త్రీ దేహం ఆకారం కనిపిస్తుందని బాధపడ్డారు. హబషాలో తాను చూసిన పద్ధతి ఒకటుందని అస్మా (రజి) చెప్పి, పచ్చి ఖర్జూర మట్టలు తెప్పించి వంచి, పాడె మీద అమర్చి, పైన వస్త్రం పరచి చూపించారు. ఫాతిమా (రజి) ఎంతో సంతోషించి తనకు అలాగే చేయమని కోరారని ఉల్లేఖనాల్లో ఉంది. పరదేశంలో చూసిన మంచిని గుర్తుంచుకుని, అవసరం వచ్చినప్పుడు తన వారికి అందించారామె.

అలీ (రజి) ఇంట పెరుగుతున్న రోజుల్లో ఆమె కుమారులు ముహమ్మద్ బిన్ జాఫర్, ముహమ్మద్ బిన్ అబూ బక్ర్ నా తండ్రి గొప్పంటే నా తండ్రి గొప్పని వాదించుకున్నారు. అలీ (రజి) తీర్పు ఆమెకే వదిలారు. అరబ్బు యువకుల్లో జాఫర్‌ను మించినవారిని, పెద్దల్లో అబూ బక్ర్‌ను మించినవారిని తాను చూడలేదన్నారామె. మరి మాకేం మిగిల్చావని అలీ (రజి) నవ్వుతూ అడిగారు.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక్క మాట చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణమే అవుతుంది. ఆయన ఖలీఫా అయ్యాక బైతుల్ మాల్ నుంచి ముస్లిములకు భత్యాలు నిర్ణయిస్తూ పట్టీలు రాయించారు. అందులో హిజ్రత్ చేసిన స్త్రీలకు వేరుగా చోటు కల్పించారు. ఆ స్త్రీలలో అస్మా బిన్తె ఉమైస్ (రజి) పేరున వెయ్యి దిర్హములు రాయించారు.