ఫ్లోరెన్సు మెర్రియం బెయిలీ

ఆ దినములలో పక్షిశాస్త్రజ్ఞుల చేత తుపాకి యుండెడిది. పిట్టను కొట్టి, దాని చర్మమును పరీక్షించి పేరు నిర్ణయించుచుండిరి. 1863లో న్యూయార్కు రాష్ట్రమున జనించిన ఫ్లోరెన్సు మెర్రియం వేరొక త్రోవ త్రొక్కెను. టోపీల యీకలకై పక్షులను వధించుట సహింపక, 1886లో స్మిత్ కళాశాల యందు తోడి విద్యార్థినులను సంఘముగా గూర్చి, పొలములకు గొనిపోయి ప్రాణముతోనున్న పక్షులను జూపెను. నాటకశాలలలో వాడెడి చిన్న దుర్భిణియే యామె సాధనము. మావంటి వారము దుర్భిణి చేజిక్కినంతనే పొదలలోనికి జొరబడుదుము; ఆమె యట్లుగాక కదలక కూర్చుండి, పక్షుల నడకను, కూతను, గూటిపనిని కనిపెట్టెడిది. 1889లో ఆ దుర్భిణి పేరుతోడనే గ్రంథము వెలువరించెను. అమెరికా పశ్చిమ భాగపు పక్షులను గూర్చి 1902లో వ్రాసిన గ్రంథమునకు చర్మముల కొలతలును అవసరమయ్యెను. దీనిని మేము దాచము. 1931లో బ్రూస్టరు పతకమును పొందెను. అంతకుముందు ఏ స్త్రీకిని అది లభింపలేదు. 1948లో కన్నుమూసెను.